అరవై నాలుగో గడి

షాజియా ఫైలును మూడోసారి మూసి, మూడోసారి తెరిచింది. మూడోసారీ అవే రాళ్లు. వంకర రాళ్లు, సగానికి తెగిన రాళ్లు, తాగినవాడు పేర్చినట్టున్న రాళ్లు. వాటిలో ఒక్కటీ ఆమె గీసింది కాదు.

"చిచ్చా! నా గోడ ఎవలో పాడు చేసిన్రు!"

ఆ కేక మెట్లు దిగి కింద చీరల దుకాణం దాకా వినిపించింది. ఆమె చిచ్చా అని పిలిచే డీటీపీ సెంటర్ యజమాని హఫీజ్ చేతిలో ఉన్న పెళ్లిపత్రికల కట్ట వదిలేసి వచ్చాడు. పత్తి విత్తనాల సంచీ మీద వేసే లేబులు దిద్దుతున్న ఆపరేటర్ రంజిత్ కుర్చీ ఇటు తిప్పాడు.

అది 2007 మే నెలలో ఒక శనివారం. టైము తొమ్మిదీ నలభై. సాయంత్రం ఐదింటికల్లా ఆ ఫైలు గద్వాల నుంచి హైదరాబాద్ చేరాలి.

ఫైలులో ఉన్నవి ఒక ఆటకు కావలసిన బొమ్మలు. సెల్‌ఫోన్‌లో ఆడే ఆట. పాత వీడియో గేముల తీరులో ఒక బుల్లి సిపాయి పక్కకు పరిగెత్తుతూ, అరుగుల మీదికి దూకుతూ కోట ఎక్కాలి. ఫోన్‌లో చోటు తక్కువ. కోటంతా గీస్తే పట్టదు. అందుకని అరవై నాలుగు చిన్న గడులు గీసి ఇస్తే, ఆట వాటినే మళ్లీ మళ్లీ పక్కపక్కన పేర్చుకుని కోటను చూపిస్తుంది. వాటిని టైల్స్ అంటారు. ఒక్కో టైలుకు అడ్డంగా పదహారు చుక్కలు, నిలువుగా పదహారు చుక్కలు. రంగులు కూడా పదహారే. ఇరవై నాలుగు టైల్స్ రాతిగోడవి. మిగతావి గడ్డి, మెట్లు, తలుపులు, మబ్బులు.

ఇరవై రెండేళ్ల షాజియా ఈ పని కోసం ఖిల్లా ఘణపూర్‌కు మూడుసార్లు బస్సెక్కింది. కొండ మీది కోటగోడల్ని ఫోటోలు తీసుకొచ్చి, ఒక్కో చుక్కా చూసి పెట్టింది. అయినా ఆట తయారుచేసే హైదరాబాద్ కంపెనీలో బొమ్మల వ్యవహారం చూసే గోవిందు రెండుసార్లు తిప్పికొట్టాడు. "ఇది కోట గాదమ్మా, గళ్ల లుంగీ" అన్నాడు రెండోసారి. అన్న మాట నిజమే. టైలు పక్కన టైలు పడిన ప్రతిచోటా అంచు గీత గీసినట్టు కనిపించేది.

ఇది మూడోసారి, ఇదే ఆఖరు. నచ్చితే ఆట మొత్తం, ఎనిమిది లెవెళ్లూ షాజియావి. ఆట మొదలయ్యేటప్పుడు తెర మీద ఆమె పేరు పడుతుంది. నచ్చకపోతే సోమవారం నుంచి ఆ పని ఇంకొకరిది. తను మళ్లీ పెళ్లిపత్రికల మూలల్లో గులాబీలు అతికించుకుంటూ కూర్చోవాలి.

వారం రోజులు కళ్లు మండేదాకా కూర్చుని ఆ ఇరవై నాలుగూ దిద్దింది. నిన్న శుక్రవారం. గంటలో వచ్చేద్దామని కంప్యూటర్ ఆపకుండానే మధ్యాహ్నం ఇంటికి వెళ్లింది. చుట్టాలు వచ్చి కదలనివ్వలేదు. ఈ పొద్దున వచ్చి తెరిస్తే ఇదీ సంగతి.

"పాతది మల్ల దొరకదా?" అన్నాడు హఫీజ్.

"యాడ దొరుకుతది చిచ్చా? దీని మీదనే సేవ్ కొట్టిన్రు. నా పెన్‌డ్రైవ్‌ల ఉన్నది లుంగీనే."

కరెంటును నమ్మని ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరికైనా రెండు నిమిషాలకోసారి సేవ్ కొట్టే రోగం ఉంటుంది. ఈ పని చేసినవాడికీ ఉన్నట్టుంది. పాత బొమ్మ ఆనవాలు కూడా మిగలలేదు.

"నిన్న మూడు నలభై రెండుకు ఆఖరి సేవ్" అని చూపించింది షాజియా. "అప్పుడు ఈడ ఎవలున్నరు?"

"ఎవ్వరు లేరు. నేను నమాజ్‌కు పోయి, అటునుంచి అటే దావత్‌కు పోయిన. రంజిత్ కార్ట్రిడ్జ్ నింపియ్యనీకె వనపర్తి పోయిండు. అవ్వ ఊడుస్తుండె, గంతే."

అవ్వ అంటే గదులు ఊడ్చి, కుండలో నీళ్లు నింపే ముసలామె. ఏడాదిగా వస్తోంది. ఆ క్షణాన తలుపు దగ్గర తడిగుడ్డ పిండుతోంది.

"అవ్వా, నిన్న ఎవలన్న వచ్చిన్రా?"

"ఎవ్వరు రాలే సేటు. తలుపు దగ్గరికేసుకొని నేనే ఉన్న."

షాజియాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవడం కన్నా కోపం సులువనిపించింది. "చిచ్చా, ఎవలో తేలాలె. తేలినంక వాళ్లు ఈ మెట్లెక్కొద్దు. నాకు మాటియ్యి."

"ఇచ్చిన. ఎవలైనా సరే, ఎక్కనియ్య" అన్నాడు హఫీజ్. మాటంటే మాటే అనే మనిషి అతను. ఆ సంగతి బజారంతటికీ తెలుసు.

షాజియా చూపు రంజిత్ మీద ఆగింది. ఈ ఆర్డర్ వచ్చినప్పుడు తనకిమ్మని అడిగినవాడు అతనే.

"నా దిక్కు గట్ల చూడకు తల్లీ" రంజిత్ రెండు చేతులూ ఎత్తాడు. "గులాబీపువ్వు గియ్యమంటే నాది గోబీపువ్వు లెక్క వస్తది. నేను గోడ గీస్తనా?"

"పాడు చెయ్యనీకె గియ్యరావాల్నా?"

"ఇగో వనపర్తిల ఎక్కిన బస్సు టికెట్. టైము చూడు. టికెట్ నమ్మకపోతే నా మొఖం చూడు, ఎండకు ఎట్ల మాడిందో."

టికెట్ మీద మూడున్నర ఉంది. అప్పటికి అతను వనపర్తి బస్టాండ్‌లో ఉన్నాడు. షాజియా టికెట్ తిరిగి ఇచ్చేసింది కానీ క్షమించమని అనలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. గోవిందు.

"ఏం షాజియా, పంపుతున్నవా?"

"ఐదింటికల్ల పంపుత సార్."

"ఐదు దాటితే మా పెద్దసారు ఆగడు. సోమవారం ఇంకొకరు కూసుంటరు. నేను చెప్పి చెప్పి అలిసిపోయిన, జర ఆలోచన చెయ్యి." పెట్టేశాడు.

మళ్లీ మొదటి నుంచి గీయాలి. ఇరవై నాలుగు గడులు, గడికి రెండువందల యాభై ఆరు చుక్కలు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా కరెంటు కోత. ఐదింటిలోగా అయ్యే పని కాదు. ముందుగా పాడైన టైల్స్‌ను ఒకసారి చూసింది. ఒక్కో గడీ విడిగా చూస్తే పరమ వికారంగా ఉంది. రాయి మొదలవుతుంది, పూర్తి కాకుండానే అంచున తెగిపోతుంది. గీత నడుస్తూ నడుస్తూ గడి బయటికి పోతుంది.

అన్నిటికీ చివర, అరవై నాలుగో గడి ఒకటి ఉంది. కోట అడుగున కొండరాయి రావలసిన చోటు అది. ఏం గీయాలో తోచక షాజియా దాన్ని ఖాళీగా వదిలేసింది. ఇప్పుడు అందులో ఒక బండ ఉంది. బండ మీద వరసగా ఐదు నల్ల చుక్కలు. వెక్కిరిస్తూ సంతకం పెట్టినట్టు.

"చూడు, పేరు కూడ పెట్టి పోయిండు" అంది పళ్లు కొరుకుతూ.

"జర జరుగు" రంజిత్ పక్కకు వచ్చాడు. "నామీద వేసినవ్ గద, ఎంత పాడైందో నన్ను కూడ చూడనియ్యి. ఆట నడుపుత."

"ఏం చూస్తవ్ రా, కూలిన గోడ!"

అతను అప్పటికే మీట నొక్కేశాడు. తెర మీద ఫోను బొమ్మ వచ్చింది. ఆ ఫోనులో ఆట మొదలైంది.

షాజియా కుర్చీలోంచి లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

సిపాయి నిలబడి ఉన్నాడు. అతని వెనక గోడ ఉంది. ఆమె ఇన్నాళ్లూ చూస్తూ వచ్చింది గోడ బొమ్మ. ఇది గోడ. పెద్ద బండ పక్కన చిన్న బండ ఒదిగింది. రెంటి మధ్య సందులో మూడు రాతిపెచ్చులు బిగుసుకున్నాయి. పైవరసలో ఒక పొడవాటి రాయి ఆ రెంటి మీదా సగం సగం భారం వేసి కూర్చుంది. గడులు ఎక్కడ? ఒక గడి ఎక్కడ ముగిసి ఇంకో గడి ఎక్కడ మొదలవుతోంది? షాజియాకు తెలుసు, ప్రతి పదహారు చుక్కలకూ ఒక అంచు ఉంది. ఎక్కడుందో కూడా తెలుసు. కళ్లు చిట్లించి వెతికింది. కనపడలేదు.

"పరిగెత్తియ్యి" అంది.

సిపాయి పరిగెత్తాడు. గోడ కదిలింది, కదులుతూనే ఉంది. అయిపోలేదు. అవే ఇరవై నాలుగు టైల్స్ పదే పదే వస్తున్నాయి, ఏ గడి పక్కన ఏది రావాలో తను ముందే పెట్టిన వరసలోనే వస్తున్నాయి. అయినా ఒక్కచోట చూసిన రాయి ఇంకోచోట చూసినట్టు లేదు. సిపాయి అరుగు మీదికి దూకాడు, ఆ పై అరుగుకు దూకాడు, బురుజు కనిపించింది. మూడుసార్లు బస్సులో వెళ్లి, తల వెనక్కి వంచి చూసి వచ్చిన ఆ బరువు, ఆ ఎత్తు, అరచేయంత తెర మీదికి ఎలా వచ్చింది? పదహారు రంగుల్లో ఇంత ఎండ ఎక్కడిది? నీడ ప్రతి రాయికీ కింద, కుడివైపున పడుతోంది. ఎవరో కొండ మీద నిలబడి చూసి వేసిన నీడ.

హఫీజ్ ఎప్పుడు వచ్చి వెనక నిలుచున్నాడో! "సుభానల్లా" అన్నాడు మెల్లగా.

"కిందికి దించు" అంది షాజియా.

సిపాయి దిగాడు. గోడ అడుగున ఆ కొండబండ ఉంది, వరసగా ఐదు చుక్కలతో. ఇంతకుముందు అక్కడ శూన్యం ఉండేది. కోటంతా గాలిలో వేలాడేది. ఇప్పుడు ఆ బండ కోటను మోస్తోంది. చూసిన మనిషి కాళ్ల కింద కూడా నేల ఉన్నట్టు అనిపిస్తోంది.

ఫ్యాన్ ఆగిపోయింది. లైటు పోయింది. పదకొండు. యూపీఎస్ కీచుకీచుమంది. ఎవరూ మెషీను ఆపలేదు. ముగ్గురూ అలాగే చూస్తూ నిలబడ్డారు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి తెర నల్లబడింది.

"ఇది పాడు చేసుడంటవా?" అన్నాడు రంజిత్.

ఎవరు? ఈ ప్రశ్న షాజియా పొద్దున కూడా అడిగింది. ఇప్పుడు అదే ప్రశ్నకు ఒళ్లు జలదరిస్తోంది. ఈ చేయి దొరికితే ఎనిమిది లెవెళ్లు కాదు, ఎనభై గీయొచ్చు. దొరకకపోతే మొదటి లెవెల్ ఒక్కటే మిగులుతుంది. రెండోది అడిగితే తన దగ్గర ఉన్నది లుంగీయే.

తప్పుగా అచ్చయిన ఒక పెళ్లిపత్రిక తీసి, వెనకవైపు ఆ అరవై నాలుగో గడిని పెన్నుతో పెద్దదిగా గీసింది. బండ, వరసగా ఐదు చుక్కలు. అప్పుడు గుర్తొచ్చింది. ఖిల్లా ఘణపూర్ కొండ మీద కొన్ని బండలకు ఇలాంటి గుంతలు చూసింది. ఫోటోల్లో కూడా ఉన్నాయి. మరకలనుకుని గీసేటప్పుడు వదిలేసింది. ఆమె మరకనుకున్నదాన్ని ఇంకెవరో ముఖ్యమనుకున్నారు.

"రంజిత్, ఇవి ఏంది?"

"ఏమో, చీమలు పోతున్నట్టున్నయి."

"చిచ్చా?"

హఫీజ్ పత్రికను కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. "కోట గద. గోలీల దెబ్బలు. పాతకాలంల లడాయి అయినప్పుడు తుపాకులతోటి కొట్టింటరు."

"గోలీలు గాదు సేటు" అంది కుండ దగ్గర నుంచి అవ్వ. "అవి చీలలు కొట్టిన గుంతలు. బండ పగలనీకె ముందుగాల వరసకు గుంతలు తీస్తం. అండ్ల ఇనుప చీలలు పెట్టి సమ్మెటతోటి కొడ్తే బండ గీత మీదనే..."

మాట మధ్యలో ఆగిపోయింది. చెంబు నేల మీద పెట్టి, బకెట్ తీసుకుని మెట్ల వైపు నడిచింది.

హఫీజ్ పత్రికతో విసురుకుంటున్నాడు. అతనికేమీ తట్టలేదు. రంజిత్‌కూ తట్టలేదు. షాజియా మాత్రం ఆ ముసలామె చేతుల్నే చూసింది. ఏడాదిగా ఈ గదిలో తిరుగుతున్న చేతులు. కుడిచేతి వేళ్ల కణుపులు రాళ్లలాగే ఉన్నాయి. బొటనవేలి గోరు సగమే ఉంది. షాజియా కూడా మెట్లు దిగింది.

కింది మెట్టు మీద అవ్వ బకెట్ పెట్టుకుని కూర్చుని ఉంది.

"అవ్వా."

"సేటుకు చెప్పకు బిడ్డా" అంది అవ్వ. "మాటిచ్చిండు గద, ఎక్కనియ్యనని. ఈ పని పోతే నాకు ఇంకో పని లేదు. రాళ్లు మొయ్యనీకె నడుము లేదు."

షాజియా పక్కనే కూర్చుంది. "నీకు కంప్యూటర్ ఎట్ల వస్తది?"

"నాకేం రాదు. రోజు తుడుస్త, చూస్త. నువ్వు కింద రంగు ఒత్తుతవ్, పైన చుక్క ఒత్తుతవ్. చుక్క చుక్కకు నడుమ ఆ డబ్బా బొమ్మ ఒత్తుతవ్. కరెంటు పోతదని గద? నేను కూడ ఒత్తిన. ఒత్తితే పాతది పోతదని తెల్వదు బిడ్డా, నీమీద ఒట్టు."

"ఎందుకు చేసినవ్?"

రోడ్డు మీద ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నీ గోడ పడిపోతది బిడ్డా" అంది అవ్వ. "ముప్పై ఏండ్లు బావులకు రాళ్లు పేర్చిన, పొలాలకు గోడలు పెట్టిన. సున్నం లేదు, మట్టి లేదు, ఉత్త రాయి మీద రాయి. నీది రోజు చూస్త. సందు మీద సందు, సందు మీద సందు, కింద నుంచి పైదాంక ఒకటే చీలిక. కింద పునాది లేదు, గాలి. ఆ పిలగాడు దాని మీద దుంకుతుంటే నాకు పానం ఆగలె. నిన్న ఒక్కతే ఉన్న. ఒక్క సందు సరిచేద్దామని కూసున్న. ఒకటి చేస్తే పక్కది చెయ్యాలె గద. గోడ గంతే."

"సందు మీద సందు రాకుంట చేసినవ్, సరే. అంచులు ఎట్ల కలిసినయ్? ఒక్క గడి పక్కన ఏ గడి వస్తదో నీకెట్ల తెలుసు?"

"తెల్వదు. అందుకే" అవ్వ మెట్టు మీది తడిలో వేలు ముంచి ఒక చదరం గీసింది. "బావి కట్టేటప్పుడు పైనుంచి రాయి అందిస్తరు. ఏది వస్తదో మనకు తెల్వదు. ఏది వచ్చినా కుదరాలె. అందుకని ప్రతి దానికి అంచు మీద రెండు తావులే పెట్టిన. ఇగో ఈడ ఒకటి, ఆడ ఒకటి. సందు లోపట ఎట్లన్న తిరగని, బయటికి పోయేటప్పుడు మాత్రం ఈ రెండు తావులకాన్నే పోవాలె. అప్పుడు ఏది పక్కకు ఏదొచ్చినా గీతకు గీత అందుకుంటది."

షాజియా ఆ తడి చదరాన్ని చూస్తూ ఉండిపోయింది. విడిగా చూస్తే తాగినవాడు పేర్చినట్టు కనిపించిన వంకరలన్నీ ఒక్కసారిగా వాటి వాటి చోట్లలోకి వెళ్లి కూర్చున్నాయి. వారం రోజులు ఆమె ప్రతి గడినీ లోపల అందంగా చేయడానికి చూసింది. ఈ మనిషి అంచుల్ని చూసుకుంది. ఇరవై నాలుగు గడులు, ఒక్కొక్కటీ మిగతా ఇరవై మూడింటికీ కలవాలి. పైకీ కిందికీ పక్కలకీ ఎన్ని కలయికలో లెక్క పెట్టబోయి మానుకుంది. ఈమె లెక్క పెట్టలేదు, అక్షరం చదువుకోలేదు, మౌసు పట్టుకున్నది నిన్ననే మొదటిసారి. ఎండ ఆరబెడుతుంటే చదరం మెట్టు మీద నుంచి మెల్లగా చెరిగిపోయింది. షాజియాకు ఆ రాతిమెట్టును కాలితో తొక్కాలనిపించలేదు. పక్కనుంచి పైకెక్కింది.

ఒంటిగంటకు కరెంటు వచ్చింది. షాజియా ఒక్క చుక్క కూడా ముట్టలేదు. ఫైలును ఉన్నదున్నట్టు మెయిల్ చేసింది. నెట్టు రెండుసార్లు తెగింది. మూడోసారి వెళ్లింది. రంజిత్ ఆటను మళ్లీ తెర మీద పెట్టి వదిలేశాడు.

నాలుగున్నరకు ఫోన్ మోగింది. "స్పీకర్ పెట్టు" అన్నాడు హఫీజ్. రంజిత్ ప్రింటర్ ఆపేశాడు. అవ్వ మూలన చీపురు కట్ట బిగిస్తోంది.

అటువైపు గోవిందు.

"షాజియా, నేను ఉప్పునుంతల ఊరోన్ని" అన్నాడు. "మా తాత బావి ఉంటుండె. చిన్నగున్నప్పుడు దాని గోడకు చేతులు పెట్టుకుంట దిగెటోన్ని. ఇరవై ఏండ్లాయె. ఇయ్యాల మల్ల దిగినట్టయింది. ఈడ పదిమంది పని ఇడిసిపెట్టి నా వెనక నిలవడ్డరు. అంచులు ఎతుకుతున్నరు, ఒక్కనికి దొరుకుతలేదు. మా పెద్దసారు ఒప్పుకున్నడు. ఎనిమిది లెవెళ్లు. ఈ గోడలు ఎవలు గీసిన్రో వాళ్లకే. నువ్వే గద గీసింది?"

హఫీజ్ తల గట్టిగా ఊపాడు, అవునని చెప్పమని. మూలన అవ్వ కూడా తల ఊపింది, అవునని చెప్పమనే. ఒక్క మాట చాలు. తెర మీద పేరు, ఎనిమిది లెవెళ్లు, ఇంట్లో అమ్మకు చెప్పుకోవడానికి ఒక పని. కాదంటే ఆ కోట చేజారిపోవచ్చు. ఆ పైన పొద్దున తనే పట్టుబట్టి హఫీజ్‌తో ఇప్పించుకున్న మాట ఒకటి ఉంది.

తెర మీద సిపాయి ఇంకా గోడ ముందే నిలబడి ఉన్నాడు. ఆ గోడ ముందు అబద్ధమాడాలంటే నోరు రాలేదు.

"నేను గాదు సార్. గోడలు నేను గీయలే. గడ్డి, మెట్లు, తలుపులు, మబ్బులు నావి. గోడలు, అడుగున ఆ బండ, మా సెంటర్ ఊడ్చే అవ్వ గీసింది. నిన్న, ఎవ్వరు లేనప్పుడు."

ప్రింటర్ మీద చేయి పెట్టిన రంజిత్ అలాగే ఉండిపోయాడు. హఫీజ్ మెల్లగా మూలకు తిరిగాడు. అవ్వ చేతిలోంచి చీపురు జారి పుల్లలు చెల్లాచెదురయ్యాయి.

"చిచ్చా" అంది షాజియా, "మాట నేను ఇప్పించుకున్న. నేనే వాపసు ఇస్తున్న."

హఫీజ్ తన కుర్చీ తీసుకెళ్లి అవ్వ పక్కన వేశాడు.

ఫోన్‌లో గోవిందు అడిగాడు. "గడ్డి, మెట్లు నీవా? గవి బాగనే ఉన్నయి. అవి ఎవలు గీస్తరు మల్ల, నువ్వే గియ్యాలె. ఇద్దరి పేర్లు పడ్తయి. ఆమె పేరేంది?"

షాజియా నోరు తెరిచింది. ఏడాదిగా అవ్వా అని పిలవడమే తప్ప పేరు ఆమెకు తెలియదు. రంజిత్ వైపు చూసింది. రంజిత్ హఫీజ్ వైపు చూశాడు. హఫీజ్ నేల వైపు చూశాడు.

షాజియా ఫోన్ తీసుకెళ్లి ముసలామె నోటి ముందు పెట్టింది. "హైదరాబాద్ నుంచి అడుగుతున్నరు అవ్వా. గోడ ఎవలు పెట్టిన్రని."

అవ్వ కుర్చీలో కూర్చోలేదు. కొంగు తలమీదికి లాక్కుంది. ఒకసారి హఫీజ్ ముఖం చూసింది. తర్వాత తెర మీది కోటను చూసింది. బావి అడుగు నుంచి పైనున్నవాళ్లకు వినపడేలా కేక వేసే మనిషి గట్టిగా గాలి పీల్చుకున్నట్టు పీల్చుకుంది.

"జంగమ్మ!" అంది.